కూచిపూడిలో ఎలెనా గారి బిళ్ళలు

కోవిడ్ రావడానికి ముందటి శ్రావణ మాసంలో నేను విజయవాడలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. మచిలీపట్నం పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ పరిధి కూడా అదనపు బాధ్యతగా నా మీదే పడింది. మా ఉద్యోగం గురించి బయటివాళ్ళకి తెలిసింది తక్కువ. డ్రగ్స్ అనగానే గంజాయి పట్టుకునేవాళ్ళమనుకుంటారు. మేము చూసేది మందుల షాపులూ, హోల్‌సేల్ గోడౌన్లూ, వాటి లైసెన్సులూ. అనుమానం వచ్చిన మందుని శాంపిల్ తీసి ప్రభుత్వ లేబొరేటరీకి పంపుతాం. అది నకిలీదని గానీ, కల్తీదని గానీ, నాసిరకమని గానీ రిపోర్టు వస్తే కోర్టులో కేసు వేస్తాం. నా సర్వీసంతా ఆ మూడు మాటల చుట్టూనే తిరిగింది.

వరలక్ష్మీ వ్రతం మర్నాడు పొద్దున్నే విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్కడి ఫిజీషియన్. అంతకుముందు ఒకటి రెండు కేసుల్లో ఆయనతో నాకు పరిచయముంది. కంగారుపడే మనిషి కాదు.

"మేడమ్, నిన్న సాయంత్రం ఒక విదేశీయురాలిని తెచ్చారు. స్పృహ లేదు. షుగర్ బాగా పడిపోయి ఉంది. గ్లూకోజ్ ఎక్కిస్తే లేస్తోంది, కాసేపటికి మళ్ళీ పడిపోతోంది. ఆవిడకి షుగరు జబ్బు లేదట. వాడేది బీపీ బిళ్ళ ఒక్కటే. అయినా బీపీ చూస్తే ఆకాశంలో ఉంది."

ఆయన చెప్పదలచుకున్నది నాకు వెంటనే అర్థమైంది. బీపీ బిళ్ళలు వేసుకునే మనిషికి బీపీ తగ్గలేదు, షుగర్ తగ్గింది. అంటే ఆ బిళ్ళలో ఉండాల్సిన మందు లేదు, ఉండకూడనిది ఉంది. ఫ్యాక్టరీలో ఒక మందు బదులు ఇంకొకటి కలిసిపోతే అలా జరగొచ్చు. అదే నిజమైతే మంచాన ఉన్నది ఆవిడొక్కతే కాదు. ఆ బ్యాచ్ జిల్లాలో ఎన్ని షాపులకి వెళ్ళిందో, ఎంతమంది ముసలివాళ్ళు ఆ పొద్దున కాఫీ తాగి అదే బిళ్ళ మింగారో. బ్యాచ్ నంబరు తెలిస్తే సాయంత్రంలోగా అన్నిచోట్లా అమ్మకం ఆపించవచ్చు. బిళ్ళలు తెచ్చారా అని అడిగాను. తేలేదన్నారు.

ఆసుపత్రికి వెళ్ళాను. ఐసీయూ బయట శేషమ్మ గారని కూచిపూడి ఆవిడ కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి. పేషెంటు ఆవిడ ఇంట్లోనే అద్దెకుంటోంది. పేరు ఎలెనా, బల్గేరియా దేశం. అక్కడ బళ్ళో సంగీతం టీచరు. నాట్యం నేర్చుకోవడానికి సెలవు పెట్టి వచ్చి, సెలవు పొడిగించుకుని, కూచిపూడిలోనే ఉండిపోయింది. ఊళ్ళో అందరూ ఎలెనమ్మ అంటారట.

బిళ్ళల పేరు శేషమ్మ గారికి తెలియదు. "బీపీ బిళ్ళలేనమ్మా, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ వేసుకుంటది" అన్నారు. ఆవిడని కారెక్కించుకుని కూచిపూడి బయల్దేరాను. ఉయ్యూరు దాటాం. అప్పుడు ఆవిడ, కిటికీలోంచి నాట్లు వేసేవాళ్ళని చూస్తూ, మెల్లగా మొదలుపెట్టారు.

"వారం పది రోజుల నుంచీ కళ్ళు తిరుగుతున్నాయంటానే ఉందమ్మా. చెమటలు పట్టడం, చేతులు వణకడం. ఉక్కకి తట్టుకోలేక అనుకున్నాను. బెల్లం పానకం కలిపిచ్చేదాన్ని. తాగితే లేచి కూర్చునేది. నిన్న వ్రతం కదా, నేనూ ఉంటానండీ ఉపవాసం అంది. వద్దనలేకపోయాను. అమ్మవారి ముందు కూర్చున్నదల్లా పక్కకి ఒరిగిపోయింది. నేనే చంపుకున్నాను పిల్లని."

ఆవిడ పిల్ల అన్న మనిషికి యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. పానకం వల్లే ఆ మనిషి ఇన్నాళ్ళు నిలబడిందని నాకు తోచింది, అదే చెప్పాను. శేషమ్మ గారు నమ్మలేదు.

ఎలెనా గది చిన్నది. గోడకి గజ్జెలు వేలాడుతున్నాయి. అద్దం కింద అలమరలో ఒక చీటీ, దాని మీద సగం వాడిన బిళ్ళల స్ట్రిప్పు ఉన్నాయి. బ్యాచ్ నంబరు చూద్దామని స్ట్రిప్పు తిప్పాను. నంబరు కంటే ముందు పేరు కనపడింది. మళ్ళీ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను.

ఆ పేరు ఇక్కడ రాయను. మన వైపు షుగరున్న ఇళ్ళల్లో చాలామందికి తెలిసిన పేరే. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరుంది, అదీ షుగరు మందే. నకిలీ లేదు, కల్తీ లేదు. మంచి కంపెనీ, గడువు తీరని సరుకు. షుగరు లేని మనిషి రోజుకి రెండు పూటలా షుగరు బిళ్ళ మింగుతోంది.

వెంటనే ఫిజీషియన్‌కి ఫోన్ చేసి మందు పేరు, మోతాదు చెప్పాను. "అదా" అని మాత్రం అని ఫోన్ పెట్టేశారు. ఏ మందు వల్ల జరిగిందో తెలిశాక దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. నేను ఆ రోజు చేసిన పనుల్లో ఆవిడకి పనికొచ్చింది ఆ ఒక్క ఫోనే.

అక్కడి నుంచి ఆ బిళ్ళలు అమ్మిన మందుల షాపుకి వెళ్ళాను. నేను వచ్చిన సంగతీ, దొరికింది షుగరు బిళ్ళన్న మాటా అప్పటికే ఊరంతా పాకాయి. షాపు ముందు జనం మూగి ఉన్నారు. యజమాని వెంకటరత్నం నలభై ఏళ్ళవాడు, డి.ఫార్మసీ చదివినవాడు, లైసెన్సు ఇంకొకరికి అద్దెకివ్వకుండా షాపులో తనే కూర్చుంటాడు. షట్టరు సగానికి దించి లోపల నిలబడి ఉన్నాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఎవరో చెయ్యి చేసుకున్నారని అర్థమైంది. ఎస్సై కూడా వచ్చి ఉన్నారు.

"మేడమ్, మీరొక్క కాగితం రాసివ్వండి, తీసుకెళ్ళిపోతాం. లేకపోతే వీళ్ళు ఆగేలా లేరు" అన్నారు ఎస్సై.

మందుల చట్టం కింద కేసు పెట్టాల్సింది మేము, పోలీసులు కాదు. పరిశీలన పూర్తికాకుండా ఏమీ రాయనని చెప్పాను. జనంలోంచి ఒకాయన, "ఆయమ్మకి బీపీ బిళ్ళ బదులు షుగరు బిళ్ళిచ్చాడండీ, ఇంకేం పరిశీలిస్తారు?" అన్నాడు. ఆ క్షణంలో నేనూ అలాగే అనుకున్నాను.

వెంకటరత్నాన్ని లోపల కూర్చోబెట్టి అడిగాను. మాట తడబడలేదు.

"ఆవిడ అడిగిందీ అదేనండీ. చీటీలో ఉన్నదీ అదేనండీ. నేనిచ్చిందీ అదే. ఇందులో ఒక్క అక్షరం తేడా ఉంటే నన్ను ఇప్పుడే ఎస్సై గారితో పంపించెయ్యండి."

చీటీ నా దగ్గరే ఉంది. పామర్రులో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరు రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. స్ట్రిప్పు మీద ఉన్న పేరే చీటీలోనూ ఉంది. షెడ్యూల్ హెచ్ మందుని, అంటే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందుని, చీటీ చూసే ఇచ్చాడు. బిల్లులో డాక్టరు పేరు రాశాడు. నియమం ప్రకారం తప్పుబట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆనవాయితీ కొద్దీ శాంపిల్ తీసి, సీలు వేసి, ఎస్సై గారితో జనాన్ని పంపించేయమని చెప్పి, పామర్రు వెళ్ళాను.

డాక్టరు పెద్దాయన. విషయం వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఈ మందు వాడుతున్నాను, తెచ్చుకున్నవి అయిపోయాయి, రాసివ్వండి అందమ్మా ఆవిడ. రోజుకెన్ని అంటే రెండంది. షుగరు బిళ్ళలు వాడే మనిషికి షుగరుంటుందనేగా ఎవరైనా అనుకునేది?"

ఆయన మాటలో అబద్ధం కనపడలేదు. ఇక మిగిలింది ఒకటే, ఎలెనాయే పేరు పొరపాటున చెప్పి ఉండాలి. భాష కాని భాష, దేశం కాని దేశం. పోలిక ఉన్న పేరేదో కలగలిసిపోయి ఉంటుంది. రిపోర్టు అలాగే రాయాలనుకుంటూ విజయవాడ తిరిగొచ్చాను.

మర్నాటికి ఎలెనా స్పృహలోకి వచ్చింది. వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్ళాను. పక్కన శేషమ్మ గారు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఎలెనా తెలుగు నిదానంగా, ప్రతి మాటకీ చివర అండీ తగిలించి మాట్లాడుతుంది. జరిగింది చెప్పి, పేరు తప్పు చెప్పారేమో గుర్తు చేసుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.

"తప్పు కాదండీ. ఆరేళ్ళ నుంచి అదే వేసుకుంటున్నాను. ఖాళీ పెట్టె నా సూట్‌కేసులో ఉందండీ."

శేషమ్మ గారు ఇంటికి కబురు పంపి ఆ పెట్టె తెప్పించారు. అట్టపెట్టె మీద వాళ్ళ లిపి. నాకు ఒక్క అక్షరం తెలియదు. ఎలెనా దిండుకి ఆనుకుని, పెద్ద అక్షరాల మీద ఒక్కొక్క దాని కింద వేలు పెట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చదివింది.

అదే పేరు. మన షుగరు బిళ్ళ పేరే, అక్షరం పొల్లుపోకుండా.

కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు కూడా చదవమన్నాను. చదివింది. అది మనకీ బాగా తెలిసిన బీపీ మందు.

ఆ పెట్టె తిప్పి తిప్పి చూశాను. కంపెనీ వేరు, దేశం వేరు. అక్కడొకరు బీపీ మందుకి ఆ పేరు పెట్టుకున్నారు, ఇక్కడొకరు షుగరు మందుకి అదే పేరు పెట్టుకున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, తెలియాలన్న నియమమూ ఎక్కడా లేదు. మన రాష్ట్రంలో ఒక మందు ఎక్కడ తయారైందీ, ఏ లారీలో వచ్చిందీ పట్టుకోగలిగిన దాన్ని. ఇలాంటిది జరగొచ్చని అంత సర్వీసులో ఒక్కరూ నాతో అనలేదు. ఫిజీషియన్‌ని పిలిచి పెట్టె చూపించాను. ఆయన ఫోనులో వెతికి, తనకి తెలిసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, నిజమేనన్నారు. ఇంకే దేశాల మధ్య ఇంకే పేర్లు ఇలా ఉన్నాయో ఎవరికి తెలుసన్నారు.

ఎలెనా మా ఇద్దరి ముఖాలు చూసింది.

"మరి తప్పు ఎవరిదండీ?"

డాక్టరు, పేషెంటు చెప్పిన పేరే రాశారు. షాపతను రాసిందే ఇచ్చాడు. ఆవిడ ఇచ్చిందే వేసుకుంది. శేషమ్మ గారు భక్తికి అడ్డు చెప్పలేక ఉపవాసం ఉండనిచ్చారు. అందరూ కలిసి ఒక మనిషిని చావు దగ్గరదాకా తీసుకెళ్ళారు.

లేబొరేటరీ రిపోర్టు నేను అనుకున్నట్టే వచ్చింది. మందు నాణ్యమైనదే. మా అసిస్టెంట్ డైరెక్టరు గారు ఫైలు చూసి, కేసు ఎవరి మీద పెడుతున్నావని అడిగారు. ఎవరి మీదా లేదన్నాను. విదేశీయురాలు చచ్చి బతికితే ఎవరి మీదా లేదంటే పైవాళ్ళు ఊరుకుంటారా అన్నారు. చట్టంలోని మూడు మాటల్లో ఏది వర్తిస్తుందో మీరే చెప్పండి సార్ అన్నాను. ఆయన చాలాసేపు ఫైలు తిరగేసి, సంతకం పెట్టారు. విదేశీయులకి బ్రాండు పేరు మీద మందు ఇవ్వరాదంటూ ఒక సర్క్యులర్ పంపమని ప్రతిపాదన రాశాను. అందినట్టు జవాబు వచ్చింది. నేను రిటైరయ్యే వరకు అంతకు మించి ఏమీ రాలేదు.

వెంకటరత్నం మాట కూచిపూడిలో వెంటనే ఎవరూ నమ్మలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎలెనా శేషమ్మ గారిని వెంటబెట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా అతని షాపుకి వెళ్ళి బీపీ బిళ్ళలు కొనుక్కుందట. ఈసారి అసలు మందు పేరు చెప్పి అడిగిందట. శేషమ్మ గారే ఫోన్ చేసి చెప్పారు. ఆ తర్వాతే షట్టరు పూర్తిగా లేచింది. అతన్ని కొట్టిన మనిషి మాత్రం క్షమాపణ అడగలేదు. ఇప్పటికీ మందులకి పామర్రు వెళ్తాడట.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు సంగతులు. మొదటిది, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పరాయి దేశంలో ఉండేవాళ్ళు, మన దేశం వచ్చి ఉండేవాళ్ళు, రాసుకోవాల్సింది ఆ చిన్న అక్షరాలనే. రెండోది, చీటీ రాసినప్పటి నుంచి బిళ్ళ మింగేదాకా డాక్టరు, షాపతను, ఎలెనా, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ జబ్బు పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే అక్కడితో ఆగిపోయేది. మిగిలిన సర్వీసులో ఏ షాపు తనిఖీకి వెళ్ళినా, లైసెన్సూ ఫ్రిజ్జూ చూశాక, కౌంటరు దగ్గర నిలబడి కాసేపు గమనించేదాన్ని. మందు ఇచ్చే మనిషి ఇది దేనికి వాడుతున్నారని అడుగుతాడా లేదా అని. అడిగినవాళ్ళు తక్కువ. అడగనందుకు శిక్ష వెయ్యడానికి నా దగ్గర సెక్షను లేదు. అందుకని కౌంటరు అవతలి నుంచి, మందు కొనేవాళ్ళని ఇది దేనికండీ అని నేనే అడిగేదాన్ని.