జీవితకాలం ఇన్‌కమింగ్ ఉచితం

ఈ మధ్య పొద్దున పూట నా ఫోను తరచుగా మోగుతోంది. మోగిన వెంటనే చేతిలో ఏ పనున్నా వదిలేసి, చెయ్యి తడిగా ఉంటే కొంగుకు తుడుచుకుని పోయి ఎత్తుతాను. అవతల ఒక ఆడపిల్ల గొంతు, ఎంతో మర్యాదగా, నా ప్యాకు గడువు అయిపోవస్తోందని, ప్లాన్ల ధరలు మారాయని, ఇప్పుడే వేయించుకుంటే రోజుకు ఇంత డేటా ఇస్తామని, కావాలంటే ఫలానా అంకె నొక్కమని చెబుతుంది. నా కోడలికి ఇది చూస్తే నవ్వు. "కట్ చెయ్యత్తా, అది మిషను. మిషనుకు ఊ కొడతావేంది?" అంటుంది. నేను కట్ చేయను. ఆ పిల్ల చెప్పేదంతా చెప్పి తనంతట తాను పెట్టేసేదాకా వింటాను. ఎందుకు వింటానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్లకు అర్థం కాదు. నా ఈడు వాళ్లకు అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

రాస్తున్నాను అంటే నాకే విడ్డూరంగా ఉంటుంది, ఎందుకంటే నేను అక్షరాలు నేర్చింది ఇద్దరు పిల్లల తల్లినైన తరువాత. పుట్టింది మార్కాపురంలో, పెరిగింది పలకల ఫ్యాక్టరీల మధ్య. నాయన రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు, అక్కా నేనూ ఆ పొరలను నీళ్లు పోసి నున్నగా అరగదీసేవాళ్లం, అమ్మ వాటి చుట్టూ చెక్క బిగించేది. ఆ దుమ్ము నాయన ఊపిరితిత్తుల్లో చేరి ఆయనను దగ్గించి దగ్గించి తీసుకుపోయింది, అది వేరే కథ. ఎక్కడెక్కడి పిల్లలో మేము అరగదీసిన పలకల మీద అ ఆలు దిద్దుకున్నారు. మేమిద్దరం మాత్రం ఏ పలక మీదా ఒక్క గీత గీయలేదు. గీస్తే మేస్త్రీ తిట్టేవాడు, సరుకు పాడవుతుందని.

తరువాత ఎప్పుడో, మా వీధికి వయోజన విద్య వచ్చింది. మా కంటే వయసులో సగం ఉన్న ఒక టీచరమ్మ, పని నుంచి వచ్చి వంట చేసుకుని కూర్చున్న ఆడవాళ్లను బతిమాలి బతిమాలి పిలిచి, రాసి పెట్టిన మాటను ఎవరూ మార్చలేరమ్మా, అందుకే మీకు చదవడం రావాల అనేది. నేను ఆ మాట నమ్మాను. పలకలు చేసిన దాన్ని, రాసింది ఎంత సులువుగా తుడిచేయవచ్చో అందరికంటే నాకే తెలిసుండాలి, అయినా నమ్మాను. అప్పటి నుంచి బస్సు మీద ఊరి పేరు, దుకాణం మీద బోర్డు, మందు సీసా మీద కాగితం, కంటికి కనపడిందల్లా కూడబలుక్కుని చదవడం అలవాటైంది.

అక్క చదువుకోలేదు. అప్పటికే ఆమెను హనుమంతునిపాడు వైపు ఒక పల్లెలో గొర్రెలు కాసే ఇంటికి ఇచ్చారు. మనిషి మొండి, నోరు పదును, చేతిలో కర్ర లేకపోయినా మాటతోనే మందను మళ్లించేది. ఆమె ఊరు పోవాలంటే బస్సు దిగి చాలా దూరం నడవాలి, అందుకని పండగకో చావుకో తప్ప కలిసేవాళ్లం కాదు. మధ్యలో కబురు ఉండేది కాదు. కబురు లేదంటే అంతా బాగున్నట్టే అనుకుని బతికాం. మన కాలంలో అందరమూ అట్లే బతికాం కదా.

మా బజారు మూల మీద ఒక భాయ్ దుకాణం ఉంది. మొదట్లో అది ఎస్‌టీడీ బూతు. గాజు పెట్టెలో నిలబడి, ఎదురుగా ఎర్రటి అంకెలు గిర్రున తిరుగుతుంటే గబగబా మాట్లాడిన వాళ్లకు ఆ బూతు గుర్తుండే ఉంటుంది. తరువాత అదే దుకాణంలో రీచార్జి కార్డులు షాంపూ ప్యాకెట్ల మాదిరి దండలు దండలుగా వేలాడాయి. అప్పుడే ఒకరోజు, అక్క కళ్లు డాక్టరుకు చూపించుకోవడానికి మార్కాపురం వచ్చి నాతో బజారుకు నడుస్తుండగా, భాయ్ దుకాణం మీద కొత్త బోర్డు కనపడింది. నిలబడి గట్టిగా చదివాను: జీవితకాలం ఇన్‌కమింగ్ ఉచితం. ఒకసారి కార్డు కొంటే చాలు, బతికినంత కాలం ఎవరు ఫోను చేసినా వస్తుందని భాయ్ వివరించాడు.

అక్క బోర్డును ఎగాదిగా చూసి, "ఎవురి జీవితకాలం అంట? నాదా, నా చెల్లెలిదా, ఆ డబ్బాదా?" అనింది.

భాయ్ పగలబడి నవ్వాడు. "నీదేలే అక్కా. నువ్వు నూరేండ్లుంటే నూరేండ్లూ మోగుతాది."

"అట్లయితే కంపెనీ మునిగింది పో," అనింది అక్క.

ఇద్దరం చెరొక మీటల ఫోను తీసుకున్నాం. అక్కకు అంకెలు రావు కాబట్టి, ఒక మీట నొక్కి పట్టుకుంటే నాకు వచ్చేట్టు భాయ్ కుదిర్చి, ఆ మీట మీద ఎర్ర గోళ్ల రంగు చుక్క పెట్టించాడు. ఆ రంగు నా కోడలిది.

అక్కడి నుంచి మొదలైంది మా పలకరింపు. ఆ పేరు అక్క పెట్టిందే. తెల్లారి గొర్రెల దొడ్డికి పోయే ముందు ఆమె ఎర్ర చుక్క నొక్కేది, నా ఫోను ఒక్కసారి మోగి ఆగేది. లేచినాను, బాగున్నాను అని దానర్థం. నేనూ తిరిగి ఒక మోత మోగించి ఆపేదాన్ని. పైసా కరిగేది కాదు. ఆ రోజుల్లో ఊరంతా ఇదే భాష కదా. పాలాయన గేటు దగ్గరికి వచ్చి మోగించేవాడు, ఆటో ఆయన బయలుదేరినానని మోగించేవాడు, గిద్దలూరులో రైలు దిగిన మనిషి ఇంటికి మోగించేవాడు. మాట లేకుండా, ఖర్చు లేకుండా ఒకరికొకరం ఉన్నామని చెప్పుకున్న ఆ కొన్నేళ్లు ఎంత సుఖంగా గడిచాయో, గడుస్తున్నప్పుడు తెలియలేదు. వయసులో మాకు దొరకని అక్కాచెల్లెళ్ల పొత్తు ముసలితనంలో ఆ ఒక్క మోతతో దొరికింది. ఒకరోజు మోగలేదంటే బస్సెక్కేదాన్ని. ఒకసారి అట్లనే పరుగెత్తుకుని పోతే, ఫోను నీళ్ల తొట్లో పడి ఆరబెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "చచ్చినా అనుకొని వచ్చినావా? ఏడ్చుకుంటా వచ్చినావా, ఊరికే వచ్చినావా?" అని అడిగింది. ఏడ్చుకుంటానే పోయాను. చెప్పలేదు.

తరువాత ధరలు మారడం మొదలైంది. జీవితకాలం అన్న కార్డుకు నెలనెలా డబ్బు కట్టాలన్నారు. కట్టకపోతే పోయే ఫోన్లు ఆగుతాయన్నారు, కొన్నాళ్లకు వచ్చేవి కూడా ఆగుతాయన్నారు. నేను పోయి భాయ్ మీద విరుచుకుపడ్డాను. బోర్డు మీద రాసింది కదా, నేను నా కళ్లతో చదివాను కదా అన్నాను. "నా చేతిలో ఏముందక్కా, పైనుంచే మార్చినారు, నా ఫోనుకు కూడా నేను డబ్బులు కట్టుకుంటాండా," అన్నాడు. అది నిజమే. కోపం అతని మీద కాదు. కానీ పైన ఉన్నవాళ్లు ఎక్కడుంటారో, వాళ్ల దుకాణం ఏ బజారులో ఉందో ఎవరికీ తెలియదు, అందుకని దగ్గరున్న మనిషినే తిడతాం.

తరువాత చిన్న కార్డులు మాయమయ్యాయి. ఉత్తగా మాట్లాడుకునే ప్యాకులు వెతికినా దొరకని కాలం వచ్చింది, ప్రతిదానికీ డేటా కలిపి ధర పెంచారు. మా మీటల ఫోన్లలో ఆ డేటా ఎక్కడ పెట్టుకోవాలో మాకు తెలియదు, పెట్టడానికి చోటే లేదని భాయ్ చెప్పాడు. తినని కూడుకు డబ్బు కట్టడం అంటే ఇదే. అక్కకు చెబితే, "నెట్టు నాకెందుకే? గొర్రెలకు సినిమాలు చూపించనా?" అనింది. అయినా కట్టాం, పలకరింపు కోసం. ఇద్దరి ఫోన్లకూ నేనే భాయ్ దగ్గర వేయించేదాన్ని, ప్రతి అమావాస్యకు. మాకు నెల అంటే అమావాస్యకు అమావాస్య. పుట్టినప్పటి నుంచి అంతే.

కానీ కంపెనీ నెల ఇరవై ఎనిమిది రోజులే. ప్రతి అమావాస్యకు ముందు ఒక రోజో రెండు రోజులో మా ఫోన్లు మూగబోయేవి. ముందే వేయించుదామని నేను అంటే అక్క ఒప్పుకోలేదు. "నెలంటే చందమామది. చందమామ కంటే పెద్దోడా వాడు?" అని మొండికేసింది. ఈ మాట భాయ్‌కి చెబితే నవ్వి, "మా నెల కూడా చందమామతోనే అక్కా. కంపెనోళ్లదే వేరే ఆకాశం," అన్నాడు. మేము ముగ్గురం నవ్వుకున్నాం.

అట్లా అమావాస్య ముందు ఫోను మోగకపోవడం అలవాటైంది. ఒకప్పుడు మోత లేకపోతే ఏదో అయిందని అర్థం. ఇప్పుడు ప్యాకు అయిపోయిందని అర్థం. ఈ రెండు అర్థాల మధ్యనే మా అక్క పడిపోయింది.

ఆ నెల ఆమె కొడుకూ కోడలూ మందను తోలుకుని నల్లమల అంచులకు మేపుకు పోయారు. నడవలేని గొర్రెపిల్లలను దొడ్లో ఉంచి అక్క కాపలా ఉంది. అమావాస్య ముందురోజు తెల్లారి, రాత్రి పడిన వానకు నానిన బండ మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నేను ఆ పొద్దున ఫోను వైపు చూసి, ఆ, అమావాస్య ముందు కదా అనుకుని, బియ్యం చెరుగుతూ కూర్చున్నాను.

మరునాడు భాయ్ దగ్గరికి పోయి ఇద్దరికీ వేయించాను. వేయించిన వెంటనే, దుకాణం మెట్టు మీదే నిలబడి అక్కకు ఒక మోత ఇచ్చాను. మోగి ఆగాల్సిన ఫోనును ఎవరో ఎత్తారు. గొర్రెపిల్లలు అదే పనిగా అరుస్తున్నాయని అప్పుడే దొడ్లోకి వచ్చిన పక్కింటి ఆమె. పగలంతా, రాత్రంతా అక్క ఆ బండ పక్కనే పడి ఉందని ఆమె చెబుతుంటే భాయ్ నా చేతిలోని ఫోను తీసుకుని, తానే మాట్లాడి, అంబులెన్సుకు చెప్పించి, దుకాణం షట్టరు వేసి నన్ను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కకు మాట బాగానే ఉంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా కోపానికేమీ తక్కువ లేదు.

"ఇంత ఆలస్యమేందే? నిన్ననే చెప్పి పంపినా కదా," అనింది.

"ఎవరితో చెప్పి పంపినావక్కా?"

"ఫోన్లో. నువ్వెత్తలే, ఎవురో పిల్ల ఎత్తింది. అమ్మా, నేను దొడ్లో పడిపోయినా, లేవలేకుండా ఉండా, మార్కాపురంలో మా చెల్లెలుండాది, చెప్పు తల్లీ అని చెప్పినా. ఆ పిల్ల ఏందేందో చెప్పి పెట్టేసింది. మళ్ల చేసినా. ఎప్పుడు చేసినా ఆ పిల్లే. పాపం, ఒక్కసారి కూడా ఇసుక్కోలే." నా వైపు చూసింది. "చెప్పలేదా నీకు?"

నేను ఎవరికీ నచ్చజెప్పే మనిషిని కాను. ఉన్నది ఉన్నట్టు ముఖం మీద అనేదాన్ని, దానికి ఇంటా బయటా పేరు పడ్డదాన్ని. ఆ రోజు మాత్రం, "చెప్పిందక్కా. అందుకే వచ్చినా," అన్నాను.

"మంచి పిల్ల," అనింది అక్క, కళ్లు మూసుకుని.

ఆ పున్నమి ఆమె చూడలేదు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు, వయసు అన్నారు. కొడుకు వచ్చేసరికి మాట పోయింది.

ఆమె ఫోనుకు మళ్లీ ఎవరూ డబ్బు వేయలేదు. కొన్నాళ్లకు నేను మోగించి చూస్తే ఆ నంబరు పనిచేయదని వచ్చింది, అదీ ఆ గొంతే చెప్పింది. భాయ్ దుకాణం మీద ఇప్పుడు ఫోను కవర్ల బొమ్మ ఉంది, దాని కింద పాత బోర్డు అక్షరాలు ఎక్కడో ఉండే ఉంటాయి. నాకు పలకరించేవాళ్లు లేరు, అయినా నా ఫోనుకు ప్రతి నెలా వేయించుకుంటున్నాను, ఇప్పుడు కంపెనీ నెల ప్రకారమే, ఒక్క రోజు కూడా తప్పకుండా. ధర మళ్లీ పెరిగిందని భాయ్ నసుగుతూ చెబుతాడు, నేను డబ్బు లెక్కపెట్టి ఇస్తాను. మనవడు ఇంట్లో ఒక మూల పడుకుని అయిపోయేదాకా డేటా చూస్తాడు, కోడలు వంట చేస్తూ బొమ్మలు చూస్తుంది, ఇల్లంతా ఎవరెవరి గొంతులో వినపడుతూనే ఉంటాయి. మనం కబురు లేకుండా బతికిన కాలం ఒకటి, ఒక్క మోతతో కబురు తెలిసిన కాలం ఒకటి. ఇప్పుడు ఇంట్లో ఇన్ని గొంతులున్నా, ఎవరు బాగున్నారో, ఎవరు బండ పక్కన పడి ఉన్నారో ఏ గొంతూ చెప్పదు.

అందుకే ఆ పిల్ల ఫోను చేసినప్పుడు నేను కట్ చేయను. అది మిషనని నాకూ తెలుసు, నాకు చదువొచ్చు. కానీ మా అక్క ఆ గొంతుకు ఒక మాట అప్పజెప్పి పోయింది. ధరలు చెబుతుంది, గడువు చెబుతుంది, డేటా ఎంతో చెబుతుంది, ధన్యవాదాలు కూడా చెబుతుంది. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పి పెట్టేస్తుంది.