ఖాళీ గడిలో నంబరు

ఆ శనివారం నేనెక్కడికి వెళ్లానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఊరి చివర పేట రోటోటూనాలో స్నేహితురాలి ఫ్లాట్‌లో ఉంటానని అమ్మని నమ్మించి, ఒక్కదాన్నే కొండల్లోని సరస్సుకి బయల్దేరాను.

నడిచే దారి మొదట్లో, కాలిపోయిన అడవి అంచున ఒక షెడ్డు ఉంది. అడవిలోకి వెళ్లేవాళ్లు తమ పేరు, తిరిగొచ్చే రోజు, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అక్కడున్న పుస్తకంలో రాయాలి. అమ్మకి ఫోన్ వెళ్తుందేమోనని భయమేసి, రాయకుండానే దాటేశాను.

పది అడుగులు వేశానో లేదో, మాడిపోయిన కొమ్మొకటి గాలికి విరిగి నా ముందే పడింది.

"అమ్మో!"

"తెలుగమ్మాయివా?"

చిన్న పడవని తలమీద బోర్లించుకుని సరస్సు వైపు నుంచి నడిచొస్తున్న ఆవిడ ఆగింది. మొహం నిండా మసి. తనది ఫిజీ అంది, తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగేనట.

"పుస్తకంలో రాశావా?"

"రాశానాంటీ."

ఆవిడ పడవ దించి, షెడ్డులోకెళ్లి పుస్తకం తిరగేసింది. పెన్ను నా చేతిలో పెట్టింది. పేరు, తిరిగొచ్చే రోజుగా రేపటి తేదీ రాశాను, ఫోన్ నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఆ గడిలో తన నంబరు రాసింది.

"రేపు సాయంత్రం వచ్చి చూస్తా. తిరిగొచ్చానని రాసి పో పిల్లా, లేకపోతే ఈ మోకాళ్లతో నేనే నిన్ను వెతుక్కుంటూ రావాలి."