మాస్టారు చెప్పిన కొల్లేరు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం నలుగురం ఏలూరులో మాస్టారి మేడ మీద గదిలో చేరేవాళ్ళం. మాస్టారు మున్సిపల్ హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ముస్లింలు. వాళ్ళ నాన్నగారి కాలంలో కింద గదిలో తివాచీల మగ్గం ఉండేదట. ఇప్పుడక్కడ వాషింగ్ మెషీనూ, మనవల సైకిళ్ళూ ఉన్నాయి. నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని. నేనెక్కిన బస్సే ఉంగుటూరులో ఇంకొకావిడ ఎక్కేది. ఆవిడ టైలరు. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో బొమ్మలు చేసేది. నాలుగో మనిషి కొల్లేరు పక్క ఊరివాడు, చేపల చెరువుల మీద పని. మేత వేసొచ్చి గట్టు మీద కూర్చుని పక్షుల్ని గీసేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు తమ్ముడే అయిపోయాడు.

నెలకో కొత్త వస్తువుతో బొమ్మ వెయ్యాలన్నది మాస్టారు పెట్టిన పద్ధతి. "ఈ నెల షాపులో కొన్న రంగు ముట్టుకోకూడదండీ," అనేవారు నవ్వుతూ. ఆయన ఎవర్నీ 'నువ్వు' అనేవారు కాదు. తమ్ముణ్ణి కూడా 'మీరు' అనేవారు. వాడు మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఒక నెల కొల్లేటి నల్లమట్టి. మేత సంచుల మీద మట్టితో బొమ్మలేశాం. ఆరేసరికి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయి సంచులే మిగిలాయి. ఇంకో నెల మా గూడెం రైసు మిల్లు నుంచి నేను ఊక బూడిద తెచ్చాను. జిగురు కలిపితే మంచి నలుపొచ్చింది కానీ, ఆ నలుపు మా గోళ్ళలోంచి చాలాకాలం పోలేదు. కాలవలో పెరిగే గుర్రపుడెక్కతో కాగితం చేద్దామని ఉడకబెట్టి రుబ్బితే నా మిక్సీ కాలిపోయింది. వచ్చిన కాగితానికి బూజు పట్టింది. అన్నిటికంటే పామాయిల్ నెల గుర్తు. పెదవేగి వైపు నుంచి తమ్ముడు మోటార్ సైకిల్ మీద ఒక గెల పట్టుకొచ్చాడు. ఆ పళ్ళు నలిపితే చేతికి దిగిన నారింజరంగు చూసి మేమంతా పొంగిపోయాం. ఆ నూనె మాత్రం ఎన్నాళ్ళకీ ఆరలేదు. మాస్టారి బొమ్మకి చీమలు పట్టి, వారం తిరిగేసరికి బొమ్మ అంచులు కొరికేశాయి.

"నాకంటే వాటికే బాగా నచ్చిందండీ," అన్నారాయన. ఆయన భార్య, మేం పిన్నిగారు అని పిలిచేవాళ్ళం, టీ గ్లాసులు పట్టుకుని మెట్ల మీదే ఆగిపోయి నవ్వింది. ఆవిడకి బొమ్మలు పట్టేవి కావు. మేం మేడ మీద ఏం పాడుచేస్తున్నామో చూడ్డానికే ఎక్కువగా వచ్చేది.

ఉన్ని నెలలో తెలిసింది మాకు. మాస్టారి పెదనాన్న కొడుకుల ఇంట్లో ఇంకా తివాచీలు నేస్తారు. అక్కణ్ణించి రంగు రంగుల ఉన్ని పోగులు సంచీడు తెచ్చారు. అట్ట మీద జిగురు రాసి పోగులు అంటించాలి. మాస్టారు పొలం వేశారు, నాట్లు వేసిన కొత్తలో పొలం. అదంతా లేత ఆకుపచ్చ. మధ్యలో ఒకచోట గోధుమరంగు పోగులు జానెడు మేర అంటించారు. ఎండిపోయిన మడి చూపిస్తున్నారేమో అనుకున్నాను నేను.

"ఆకుపచ్చ బాగా కుదిరిందండీ, కదూ?" అన్నారు.

ఉంగుటూరు ఆవిడ నా వైపు చూసింది. తమ్ముడే అన్నాడు.

"మాస్టారూ, ఇక్కడ గోధుమరంగు పడిందండీ."

"ఎక్కడ?"

తమ్ముడు ఆయన వేలు పట్టుకుని ఆ చోట పెట్టాడు. మాస్టారు అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒకలా పట్టుకుని చూశారు, ఇంకోలా పట్టుకుని చూశారు. "వెలుతురు చాలట్లేదండీ," అన్నారు. బయట ఎండ మండిపోతోంది.

షుగరు కళ్ళలోకి వచ్చేసిందని విజయవాడలో డాక్టర్లు చెప్పారు. లేజర్ చేశారు. కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంజెక్షను అయిన ప్రతిసారీ కొన్నాళ్ళు కాస్త మెరుగనేవారు మాస్టారు. తర్వాత ఆ మాట అనడం మానేశారు. ముందు నీలం, ఆకుపచ్చ కలిసిపోయాయట. తర్వాత అన్ని రంగుల మీదా పొగ కమ్మినట్టయింది. ఎడమ కంట్లో పక్కనుంచి కొంచెం వెలుతురూ, కదిలే మనిషీ తెలిసేవి. అంతే.

అయినా ఆదివారాలు ఆపలేదు. మెట్లెక్కేటప్పుడు గోడ మీద చెయ్యి వేసుకుని వచ్చేవారు. కింద నుంచి పిన్నిగారు చూస్తూ ఉండేది. పట్టుకోబోతే ఆయనకి నచ్చదని తెలుసు ఆవిడకి.

ఒకరోజు బస్సులో ఉంగుటూరు ఆవిడ అంది. "చేత్తో తడిమి చేసేదేదైనా పెడదామండీ. ఆయనకి కళ్ళతో పనిలేనిది." నాకూ అదే సబబనిపించింది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాం. మళ్ళీ వారం వాడు చెరువు గట్టు నుంచి బంకమన్ను జల్లించి, తడిపి, పిసికి, గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. "మాస్టారూ, ఈసారి మట్టి మా కోరికండీ," అన్నాం.

ఆయన మట్టి చేతిలోకి తీసుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా వేళ్ళతో నొక్కుతూ, లాగుతూ ఒక గూడబాతుని చేశారు. ముక్కు కింద సంచీ, ముడుచుకున్న మెడ, అన్నీ కుదిరాయి. నిజంగా బాగుంది. మేం ముగ్గురం ఎగబడి పొగిడాం. తమ్ముడైతే, "నేను రోజూ చూసే పక్షండీ ఇది, నాకే ఇలా రాదు," అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో నేనూ ఆవిడా చాలా సంతోషంగా మాట్లాడుకున్నాం. దారి దొరికింది అనుకున్నాం.

తర్వాతి వారం కూడా మట్టే. ఆపై వారం కూడా. ఆ రోజు మాస్టారు మట్టిని ముందు పెట్టుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ముగ్గురూ కలిసి అనుకున్నారా?" అని అడిగారు.

ఉంగుటూరు ఆవిడ చేతికంటిన మట్టి తుడుచుకుంది.

"అనుకునే ఉంటారు. నా మీద ప్రేమతోనే చేశారండీ, నాకు తెలీదా. ఇంటికొచ్చినవాళ్ళంతా ఆ పక్షిని చేతిలోకి తీసుకుని, చూపు పోతేనేం, ఎంత బాగా చేశారో అంటున్నారు. మా అబ్బాయి ఫోటో తీసి అందరికీ పంపాడు." ముందున్న మట్టిని పక్కకి జరిపారు. "నాకు మట్టి వద్దండీ. నాకు చిన్నప్పట్నించీ ఇష్టమైంది రంగు. మా అమ్మ రంగులద్దిన ఉన్ని పోగుల చిలపలు ఎండలో ఆరేస్తుంటే వాటి కింద దూరి ఆడుకునేవాణ్ణి. మట్టితో నేనేం చేసుకోను?"

ఆయన గొంతు పెరగలేదు. కోప్పడి ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది. తమ్ముడు లేచి ఆ మట్టిని మళ్ళీ గోనెలో చుట్టేశాడు.

ఆ తర్వాత నెలకి మాస్టారే ఒక సంగతి చెప్పారు. "నేను చెప్తాను. మీరు ముగ్గురూ వెయ్యండి. ఎవరికి చేతనైన పద్ధతిలో వాళ్ళు. రంగు మాత్రం నేను చెప్పిందే పడాలి."

పెళ్ళైన కొత్తలో ఆయన పిన్నిగార్ని కొల్లేరుకి తీసుకెళ్ళారట. దోనెలో తిరిగారట. సాయంకాలం ఒకచోట పడవవాడు గెడ వెయ్యడం ఆపేశాడట. అప్పటి నీళ్ళు కావాలాయనకి.

"నీళ్ళు నీలం కాదండీ. చింతచిగురు ముదిరాక ఒక రంగొస్తుంది చూడండి, అది కింద ఉంది. దాని మీద ఎండ పడ్డచోట తోమని ఇత్తడి. దూరంగా రెల్లు దగ్గర ఇత్తడి కూడా పోయి, ఏమనాలీ... పాలల్లో ఒక్క చుక్క డికాక్షన్ పడితే ఉంటుందే, అది."

కళ్ళు మూసుకోకుండా, కిటికీ వైపు తిరిగి చెప్పేవారు. నేను వాటర్ కలర్ కలిపాను. ఉంగుటూరు ఆవిడ పట్టుముక్కలూ నేతముక్కలూ ముందేసుకుని ఏరింది. తమ్ముడు ప్లైవుడ్ ముక్క మీద పెయింటుతో మొదలుపెట్టాడు. ఎన్నో ఆదివారాలు పట్టింది. మధ్యమధ్యలో ఆయన అడిగేవారు, "ఇప్పుడెలా వస్తోందండీ?" అని. "మీరు చెప్పినట్టే వస్తోందండీ," అనేవాళ్ళం. అబద్ధం చెప్తున్నామని అనుకోలేదు. ఎవరికి వాళ్ళకి అలాగే కనిపించింది.

పూర్తయిన రోజు ముగ్గురివీ గోడకి ఆనించి పెట్టాం. మాస్టారు కుర్చీ దగ్గరకి లాక్కున్నారు.

"ఒకరి బొమ్మ ఇంకొకరు చెప్పండి," అన్నారు. తమ్ముడి వైపు తిరిగి, "మీరు ఆవిడది చెప్పండి. నీళ్ళ రంగేంటి?"

తమ్ముడు తటపటాయించాడు. "కొంచెం చిలకాకుపచ్చగా ఉందండీ. మెరుస్తోంది."

"చిలకాకుపచ్చా? చింతచిగురు కాదూ?"

"పట్టు కదండీ, మెరుపు వల్ల అలా అనిపిస్తోందేమో."

ఉంగుటూరు ఆవిడ నా బొమ్మ గురించి చెప్పింది. "బూడిదరంగు ఎక్కువుందండీ. మబ్బు పట్టినట్టుంది, చాలా బాగుంది." నేను తమ్ముడిది చెప్పాలి. వాడు రోజూ చూసే కొల్లేరుని వేశాడు. చెరువుల నీళ్ళలా చిక్కగా, పసుపు కలిసిన ముదురాకుపచ్చ. అదే చెప్పాను.

మాస్టారు మొహంలో ఏదో తెగిపోయినట్టయింది. అప్పుడే పిన్నిగారు టీ తీసుకుని పైకి వచ్చింది. తమ్ముడు ఆశగా, "పిన్నిగారూ, ఆ రోజు మీరూ ఉన్నారు కదండీ పడవలో. ఈ మూడింట్లో ఏదండీ ఆ నీళ్ళు?" అని అడిగాడు.

ఆవిడ మూడూ చూసింది. "నేనెక్కడ చూశాను నాయనా నీళ్ళు! పడవ ఊగుతుంటే భయమేసి కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. ఒడ్డుకొచ్చేదాకా తెరవలేదు."

మాస్టారు నవ్వారు. మేమూ నవ్వాం.

"మూడు కొల్లేర్లు వచ్చాయన్నమాట," అన్నారు. "మూడూ బాగానే ఉండుంటాయి. నేను చూసింది మాత్రం రాలేదు. మీ తప్పేం లేదండీ. చెప్తే వచ్చేది కాదు అది."

ఆ తర్వాత ఆయన మేడ ఎక్కలేదు. మేం వెళ్తే కింద ముందుగదిలోనే కూర్చోబెట్టి, స్కూలెలా ఉందండీ, చేప రేటెలా ఉందండీ అని అడిగేవారు. బొమ్మల ఊసెత్తేవారు కాదు. ఒకసారి ఉంగుటూరు ఆవిడ కొత్తగా ఏదో ప్రయత్నిద్దామంటే, "మీరు కానివ్వండి, గది తాళం మీ పిన్నిగారి దగ్గరుంది," అన్నారు మర్యాదగా. మేం ముగ్గురం పైకి వెళ్ళాం. ఏం చెయ్యాలో తోచక అక్కడున్న డబ్బాలు తుడిచి వచ్చేశాం.

వానాకాలానికి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. డయాలిసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. ఒక పొద్దున్న తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మాస్టారు..." అని ఆగిపోయాడు. ఆ రోజు జోరువాన. మేం వెళ్ళేసరికి మగవాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకుంటున్నారు. తమ్ముడు చెప్పులు విప్పేసి, తడుస్తూ వాళ్ళ వెనకే ఖబరస్తాన్ దాకా నడిచి వెళ్ళాడు. నేనూ ఉంగుటూరు ఆవిడా లోపల ఆడవాళ్ళతో కూర్చున్నాం. పిన్నిగారు ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కూర్చోవడానికి చోటుందో లేదో చూస్తోంది.

నలభయ్యో రోజు ప్రార్థనలయ్యాక ఒకసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. తమ్ముడు చెరువుల పనితో తీరిక లేదన్నాడు. ఉంగుటూరు ఆవిడ పెళ్ళిళ్ళ బట్టల్లో మునిగిపోయింది. పిన్నిగారు వెనక వాకిట్లో కూర్చుని ఉంది. నాకో పీట వేసింది. ఎదురింటి డాబా మీద చీర ఒకటి ఆరేసి ఉంది.

"చివర్లో ఇక్కడే కూర్చునేవారమ్మా," అంది. "ఆ డాబా మీద ఏదో ఎగురుతున్నట్టు తెలిసేది ఆయనకి. రంగేంటని అడిగేవారు. ఎరుపండీ అనేదాన్ని. ఏ ఎరుపు, అనేవారు. ఎరుపంటే ఎరుపే కదా, అనేదాన్ని. పనుండేది నాకు. ఆయన ఊరుకునేవారు. మళ్ళీ మర్నాడు అడిగేవారు."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు చెప్పమ్మా. అది ఏ ఎరుపు?"

నేను చూశాను. చాలాసేపు చూడాల్సి వచ్చింది. ఉతికి ఉతికి వెలిసిన నేత చీర. కట్టుకున్నప్పుడు లోపలికి పోయే మడతల్లో మాత్రం పాత రంగు మిగిలి ఉంది.

"కోసి పెట్టేసిన ఎర్రజామపండు లోపల రంగులా ఉంది పిన్నిగారూ," అన్నాను. "మడతల్లో ఇంకొంచెం ముదురు. దానిమ్మ తొక్క ఎండబోయే ముందు ఉంటుందే, అలా."

ఆవిడ ఆ చీర వైపే చూస్తూ తల ఊపింది.

"అలా చెప్పాల్సింది," అంది.