లేసు పరిచిన ఎర్ర గచ్చు

మా అమ్మకి పని చేసుకోవడానికి బల్ల లేదు, కుర్చీ లేదు. నరసాపురంలో మా ఇంటి ముందుగదిలో, కిటికీ కింద ఎర్ర గచ్చే ఆవిడ చోటు. వంట అవగానే అక్కడ కాళ్ళు చాపుకుని లేసు అల్లేది. అల్లిన పువ్వుల్ని గచ్చు మీద వరసగా పరిచి, వంగి చూసి, తర్వాత అన్నిటినీ కలిపి పెద్ద టేబుల్ గుడ్డగా కుట్టేది. ఆ ఎరుపు మీద తెల్లదారం ఎక్కడ తప్పినా ఇట్టే పట్టుబడేది. చూపు మందగించాక నేను కళ్ళజోడు చేయించాను గానీ, కళ్ళజోడు కంటే గచ్చునే ఎక్కువ నమ్మేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఓ వానాకాలం, కిందనుంచి ఉప్పుచెమ్మ ఎక్కి గది మధ్యలో గచ్చు ఉబ్బి పగిలింది. అమ్మ మా తమ్ముడి దగ్గరే ఉండేది. నేను రెండు వీధుల అవతల.

"తెల్ల టైల్స్ వేయించేద్దాం అక్కా. వంగితే మొహం కనపడాలి" అన్నాడు తమ్ముడు.

తెల్ల నేల మీద తెల్ల లేసు ఆవిడకేం కనిపిస్తుంది? ఆ మాట అప్పుడే అనొచ్చు. అనలేను. వాడికి అమ్మ లేసు అల్లడం సుతరామూ ఇష్టం లేదు. "ఉద్యోగం చేసే కొడుకుండగా ఇంకా ఈ లేసేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అని ఏడాది పొడుగునా సతాయించేవాడు. అసలు సంగతి తెలిస్తే "మంచిదే, ఈ వంకనైనా మానేస్తుంది" అంటాడు. నాన్న పోయాక మమ్మల్నిద్దర్నీ చదివించింది ఆ లేసే. అది మానేసి ఆవిడ రోజంతా గోడవైపు చూస్తూ కూర్చోవాలా?

హైస్కూల్లో సైన్సు టీచర్ని గదా, అందుకని పర్యావరణం అందుకున్నాను.

"ఆ టైల్స్ ఎక్కడో గుజరాత్ నుంచి లారీల్లో వస్తాయిరా. కాల్చడానికి బోలెడంత గ్యాసు తగలేస్తారు. మన గోదావరి మట్టితో చేసిన ఎర్ర నేలపలకలుండగా మనకెందుకవి? ఎండాకాలం చల్లగా ఉంటాయి. పగిలితే పొడి చేసి పునాదిలో వేసుకోవచ్చు."

"ఇంట్లో కూడా యూనిట్ టెస్ట్ పెడతావేంటక్కా?" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "సరే, మేస్త్రి సోమవారం వస్తాడు. ఈలోగా నీ పలకలు చూపించు, అవే వేయిద్దాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి పోయాను. ఊరి చివర పెంకుల ఫ్యాక్టరీలో ఓ పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"అందరూ స్లాబులే పోస్తుంటే పెంకులెవరిక్కావాలండి? నేలపలకలు చేయడం మానేసి చాన్నాళ్ళయిందండి" అన్నాడు. పెరట్లో ఓ మూల నాచు పట్టిన పలకలు కొన్ని చూపించాడు. గుమ్మం దగ్గరకి కూడా చాలవు. "అంతదూరం నుంచి వచ్చారు, ఒకటి ఊరికే పట్టుకెళ్ళండి అమ్మగారూ" అని చేతిలో పెట్టాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

తమ్ముడు దాన్ని వేలితో కొట్టి చూశాడు. "బానే ఉంది. ఒకటేనా?" అన్నాడు.

సోమవారం మేస్త్రిని పట్టుకున్నాను. "మళ్ళీ ఎర్ర గచ్చే వెయ్యండి మేస్త్రి గారూ."

"రంగు కలిపి పోయడం ఎంతసేపండి? దాన్ని అద్దంలా రుద్దేవాళ్ళే లేరిప్పుడు. నేను వేస్తే మచ్చలొస్తాయండి. రేపు మీ తమ్ముడుగారు నన్ను తిడతారు."

ఇంక ఆగలేకపోయాను. "పోనీ ఎర్ర టైల్సన్నా తెప్పించరా" అన్నాను తమ్ముడితో.

"అవీ గుజరాత్ నుంచే గదక్కా? ఎర్రగా ఉంటే గ్యాసు తక్కువ కాలుతుందా?"

మేస్త్రి కూడా నవ్వాడు. నా పాఠం తమ్ముడు నాకే అప్పజెప్పాడు. ఇంక చెప్పడానికి మిగిలింది నిజమొక్కటే. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆవిడ వైపు చూశాను. చెప్పొద్దన్నట్టు కొంచెంగా తల ఊపింది. ఛీ, ముప్ఫై మంది పిల్లల మీద గొంతు చించుకునే దాన్ని, ఆ ఒక్క ముక్క అనలేక నోరు మూసుకున్నాను.

గునపం పడింది. పగిలింది గది మధ్యలోనే. కిటికీ కింద అమ్మ కూర్చునే మూల చెక్కు చెదరలేదు. దాన్నీ పెళ్ళగించారు. ఆ మూల వరకైనా ఉంచమని అడగాలని నాకు తట్టనేలేదు, తట్టేసరికి తట్టల్లో మోసేస్తున్నారు.

తెల్ల టైల్స్ చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అమ్మ కూడా "పాలు పోసినట్టుందిరా" అంది తమ్ముడితో.

వారం తర్వాత నేను వెళ్ళేసరికి, సగం కుట్టిన టేబుల్ గుడ్డ టైల్స్ మీద పరిచి, కనపడక వేళ్ళతో తడుముతోంది. పాత మెరూన్ చీర తెచ్చి కింద వేశాను. నున్నటి నేల మీద చీర జారి ముడతలు పడుతోంది, దాంతోపాటు పువ్వుల వరస వంకర పోతోంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగాం, మళ్ళీ లాగాం. అమ్మ చీర మడిచి పక్కన పెట్టేసింది.

సాయంత్రం లేసు ఏజెంటు వచ్చాడు. "పెద్ద గుడ్డలు ఇంక నావల్ల కాదండి. విడి పువ్వుల పనేదన్నా ఉంటే ఇవ్వండి" అంది అమ్మ.

ఆయన వెళ్ళాక మంచం కింద నుంచి గుడ్డలో చుట్టినదేదో తీసింది. పాత గచ్చు ముక్క, కంచమంత కూడా లేదు. తట్టలోంచి ఎప్పుడు తీసి దాచిందో, దారం పట్టకుండా అంచులు రాయి మీద అరగదీసి పెట్టుకుంది.

"దీని మీద ఒక్కోటీ చూసుకుంటానే. తమ్ముడితో అనకు" అంది.

కిటికీ కింద, తెల్ల టైల్స్ మీద ఆ ముక్కని పెట్టి దాని మీద ఒక పువ్వు పరిచింది. చక్కగా కనిపించింది. పక్కన ఇంకోటి పెట్టబోతే అంచు దాటి టైల్స్ మీదికి జారింది. అమ్మ దానికోసం చేత్తో తడుముకుంటోంది.