బెల్లం పొయ్యికి దక్కని దూలాలు

ఈ రోజు గెలిచాను. బలిఘట్టంలో మా కూలీల జట్టు ఓ పాత పెంకుటిల్లు విప్పుతోంది. టేకు దూలాలన్నీ బెల్లం పొయ్యిలోకి పంపేస్తానని ఇంటాయన బండి తెప్పించి ఎక్కించేశారు. నాకు ఒళ్లు మండి బండికి అడ్డంగా కూర్చున్నాను.

"పాత కర్ర కొత్తింట్లో ఎట్టకూడదురా. కాల్సక ఏటి సేస్తాం?" అన్నారాయన.

నెట్ సెంటర్లో చదివి నేర్చుకున్న ముక్క వదిలాను. "సెట్టు గాల్లోంచి పీల్సిన కార్బన్ ఈ కర్రలోనే ఉందండీ. దూలంగా ఉన్నన్నాళ్లూ బయటికి రాదు. కాలిస్తే ఒక్క పూటలో పొగైపోయి ఎండల్ని ఇంకా పెంచుద్ది. పశువుల సాలకి ఎయ్యండి. ఆవులకి పట్టింపుల్లేవు కదా."

ఆయన భార్య నవ్వేశారు. "ఆ సాల ఎప్పట్నుంచో కారతంది. బేగి దింపించండి."

సాయంత్రానికి దూలాలు శాల మీదికెక్కాయి.

మీ వైపు పాత కర్ర ఎటు పోతోంది? నిజం చెప్పండి, తిట్టను. తిట్టినా కొంచెమే.