ఇంట్లో ఎన్ని తలుపులున్నాయి?

లెక్కలమ్మకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి ప్రాణం గొంతులోకి వచ్చిన సమయం చూసుకుని మరీ, ఏదో ఒకటి లెక్కపెట్టమంటుంది. పరీక్ష హాలు గుమ్మంలో వణికిపోతున్న కన్నకూతుర్ని పట్టుకుని, "ఆ గేటుకు ఎన్ని ఊచలున్నాయే?" అని అడిగింది. పురిటి నొప్పులు పడుతున్న తమ్ముడి భార్య పక్కన కూర్చుని, "మీ ఇంట్లో ఎన్ని దుప్పట్లున్నాయమ్మాయ్?" అంది. ఆవిడ పళ్ళు బిగబట్టి పధ్నాలుగని చెప్పింది. బిడ్డ పుట్టాక కళ్ళు తెరిచి, "కాదు వదినా, పదిహేను" అని దిద్దుకుంది. లెక్కలమ్మ అసలు పేరు బంధువుల్లో సగం మందికి తెలియదు. కోపం వస్తే కూతురు కూడా లెక్కలమ్మ అనే అంటుంది. ఆ కూతురికి కోపం తరచుగానే వస్తుంది.

కూతురు పళ్ళ డాక్టరు. తల్లి మాత్రం ఇరవై ఆరేళ్ళు ఒక లిఫ్టుల కంపెనీలో ఫోను దగ్గర కూర్చుంది. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుపోతే లోపలున్న మీట నొక్కుతారు, ఫోను ఈవిడ బల్ల మీద మోగుతుంది. మెకానిక్కు వెళ్ళేదాకా ఆ మనిషిని మాటల్లో పెట్టడమే ఈవిడ ఉద్యోగం.

"అమ్మా, తలుపులు తీయించండి! ఊపిరాడటం లేదు!"

"పంపించానండీ, బయల్దేరాడు. ఈలోగా చెప్పండి, మీ ఇంట్లో ఎన్ని తలుపులున్నాయి?"

"నేనిక్కడ చస్తుంటే మా ఇంటి తలుపుల గొడవ మీకెందుకండీ!"

"ఫారంలో రాయాలండీ."

అలాంటి ఫారం ఆ కంపెనీలోనే కాదు, భూప్రపంచంలో ఎక్కడా లేదు. కానీ ఫారం అనేసరికి ఎంతటివాడైనా దారికొస్తాడు. వీధి తలుపు ఒకటి, పడగ్గదివి రెండు, అని మొదలుపెట్టి పెరటి గుమ్మం దాకా వచ్చేసరికి మెకానిక్కు లిఫ్టు తెరిచేవాడు. ఒకాయన మర్నాడు పనిగట్టుకుని ఫోను చేశాడు. "మేడమ్, నిన్న అటక తలుపు చెప్పడం మర్చిపోయాను. దయచేసి దిద్దుకోండి." దిద్దుకుంటానని ఈవిడ అంతే గంభీరంగా చెప్పింది.

ఆ తర్వాత ఒకే నెలలో రెండు దెబ్బలు తగిలాయి. భర్త గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి పదో రోజున పోయాడు. నెల తిరక్కుండానే కంపెనీవాళ్ళు ఆవిడ కుర్చీ తీసేసి, "తలుపు తెరుచుకోకపోతే ఒకటి నొక్కండి" అనే యంత్రాన్ని పెట్టారు. చుట్టాలందరూ వచ్చి, పాపం ఇక మూల కూర్చుంటుంది అనుకున్నారు.

ఆవిడ మూల కూర్చోలేదు. పూర్వం ఒకసారి సముద్రం అడుగుకు దిగడం నేర్పే పెద్దాయన ఒకరు లిఫ్టులో ఇరుక్కున్నాడు. బయటపడ్డాక, "సొరచేప ఎదురొస్తే బెదరని వాణ్ణమ్మా, ఈ డబ్బాలో పెట్టేసరికి చెమటలు పట్టాయి. మీలాంటివాళ్ళు ఉండాల్సింది మా నీళ్ళ కింద" అన్నాడు. ఆయనేదో మర్యాదకు అన్న మాట. ఈవిడ దాన్ని అపాయింట్‌మెంట్ ఆర్డరు కింద దాచుకుంది. యాభై రెండేళ్ళ వయసులో, ఈత రాకుండా, బకెట్టుకు మించిన లోతు ఎరగకుండా, పెట్టె సర్దుకుని వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడింది. ఆయన నవ్వాడు. ఈవిడ నవ్వలేదు. ముందు ఈత, తర్వాత డైవింగు, ఒక్కో పరీక్షా రెండేసి సార్లు తప్పి, రెండేళ్ళకు అక్కడే నేర్పే ఉద్యోగంలో చేరింది.

అమ్మను ఇంటికి తీసుకుపోదామని కూతురు వచ్చింది. సాయంత్రం బస్సుకు రెండు సీట్లు కూడా తీసుకుని వచ్చింది. డైవింగు షాపు ముందు తాడు మీద రబ్బరు సూట్లు నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి. గోడవారగా గాలి సిలిండర్లు బారులు తీరి ఉన్నాయి. తొట్టిలో కడగడానికి వేసిన డైవింగు కళ్ళద్దాలు నానుతున్నాయి. మోకాళ్ళ నొప్పితో మెట్టు మెట్టుకూ కమ్మీ పట్టుకుంటూ తల్లి కిందికి దిగివచ్చింది.

"మెట్లే దిగలేనిదానివి, సముద్రంలోకి దిగుతావా?"

"సముద్రానికి మెట్లు లేవే."

"నవ్వకమ్మా. నాన్న పోయాక ఇంటికి తాళం పెట్టి నీ దారిన నువ్వొచ్చేశావు. నాన్న లోపల అలా ఉంటే నువ్వేమన్నావో గుర్తుందా? బయట నేను ఏడుస్తుంటే, ఈ వరండాలో ఎన్ని కుర్చీలున్నాయో చూడమన్నావు. ఒక్కసారి దగ్గరకు తీసుకోలేదు. కుర్చీలు!"

ఈ మాట రెండేళ్ళుగా ఆ అమ్మాయి గుండెలో ముల్లులా ఉంది. అమ్మకు మనసు లేదేమో అన్నదే ఆమె భయం. నిజంగా అంతేనని తేలితే ఇంటికి తీసుకుపోయి కూడా ఏం లాభమో ఆమెకు తెలియదు.

తల్లి లోపలికి నడిచి బల్ల సొరుగు లాగింది. తర్వాత, "నాతో ఒక్కసారి నీళ్ళలోకి దిగు. పైకొచ్చాక కూడా రమ్మంటే వచ్చేస్తాను" అని ఒక కాగితం ముందుకు తోసింది. "ఇది నింపు. జలుబుందా, చెవిపోటుందా, మందులేమైనా వాడుతున్నావా."

"నా సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. ఫారంలో రాయాలి."

పెద్ద లోతేం కాదు, రెండు నిలువులుంటుంది. నోట్లో గొట్టం, ముక్కూ కళ్ళూ మూస్తూ అద్దం, వీపున సిలిండరు. ఊపిరి బిగబట్టొద్దు, ఎంత కంగారేసినా బిగబట్టొద్దు అని తల్లి ఏడుసార్లు చెప్పింది. దిగారు. దిగిన క్షణంలో కూతురు నోట మాట పోయింది, గొట్టం లేకపోయినా పోయేదే. ఎండ కిందిదాకా వచ్చి ఇసుక మీద వలలా కదులుతోంది. పసుపుపచ్చ చేపల గుంపు వాళ్ళను పట్టించుకోకుండా మధ్యలోంచి సాగిపోయింది. అన్నిటికన్నా వింత అమ్మ. గడపలకూ కుర్చీలకూ తన్నుకునే అమ్మ, అక్కడ ఏ బరువూ లేకుండా, ఏ తొందరా లేకుండా, గాలిలో నిలబడ్డట్టు నిలబడింది. ఈమె నన్ను కన్న మనిషేనా అని కూతురు నోరు తెరవబోయింది.

అంతే, బుగ్గ కదిలి అద్దం అంచు సడలింది, లోపలికి నీళ్ళు వచ్చాయి. ముక్కులో మంట. బుడగలు గుప్పుమన్నాయి, పైకి పారిపోవాలని కాళ్ళు తన్నుకున్నాయి. తల్లి చెయ్యి ఆమె సిలిండరు పట్టీని గట్టిగా పట్టుకుంది. రెండో చెయ్యి మణికట్టుకు కట్టుకున్న ప్లాస్టిక్ పలకను ఆమె కళ్ళ ముందుకు తెచ్చింది. దాని మీద పెన్సిల్‌తో ముందే రాసి ఉంది.

"మన ఇంట్లో ఎన్ని తలుపులున్నాయి?"

కూతురికి ఒళ్ళు మండింది. అయినా ఎందుకో వీధి తలుపు కళ్ళ ముందు నిలిచింది. తర్వాత నాన్న గది. ఊపిరి వెళ్ళింది. వంటిల్లు, పెరడు. ఊపిరి వచ్చింది. తన చిన్నప్పటి గది, కిర్రుమనే స్నానాలగది. బుడగలు ఒక్కొక్కటిగా, తీరిగ్గా పైకి పోవడం మొదలుపెట్టాయి. తల్లి సైగ చేస్తే అద్దంలో నీళ్ళు ముక్కుతో ఊది పంపేసింది. లెక్క తేలింది. పది వేళ్ళూ చూపించి, ఒక్కటికి బొటనవేలు ఎత్తింది.

నీళ్ళ కింద బొటనవేలు ఎత్తితే పైకి పోదామని అర్థం. పొద్దున్నే చెప్పిన పాఠం. గురువు గురువే కాబట్టి లెక్కలమ్మ మారుమాట లేకుండా శిష్యురాలిని మెల్లగా పైకి తీసుకొచ్చేసింది.

"ఎందుకు తెచ్చేశావు? బాగానే ఉన్నానుగా!"

"నువ్వేగా పైకి అన్నావు."

"పదకొండన్నాను!"

"పన్నెండు. మెట్ల కింది గది మర్చిపోయావు."

కూతురు నీళ్ళ మీద తేలుతూ, దగ్గుతూ, నవ్వింది. నవ్వుతుంటే ఒక్కసారిగా ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. ఆ రోజు కోపంతోనే అయినా, ఈ చివరి నుంచి ఆ చివరికి లెక్కపెట్టింది. లెక్కపెట్టినంతసేపూ ఊపిరి ఆడింది.

"ముప్ఫై ఏడమ్మా, ఆ కుర్చీలు."

"ముప్ఫై ఏడే. అందులో రెండింటికి వీపు లేదు."

"నీకెలా తెలుసు?"

"నన్ను అడిగేవాళ్ళెవరున్నారే? నన్ను నేనే అడుక్కుని లెక్కపెట్టుకున్నాను. నేను నిన్ను దగ్గరకు తీసుకుంటే ఇద్దరం కూలిపోతామని భయం వేసింది." తల్లి అద్దం నుదుటి మీదికి తోసుకుంది. "సరే, బస్సుకు వేళవుతోంది. పెట్టె సర్దుకోమంటావా?"

కూతురు ఆ పెద్దావిడ వంక చూసింది. తన జీవితంలో అంత ధైర్యవంతురాలిని చూడలేదనిపించింది, ఆ మాట పైకి కూడా అనేసింది. తర్వాత ఇలా అంది: "వద్దు. ఆ పలక మాత్రం ఇంకొకటుంటే ఇవ్వు."

సాయంత్రం బస్సులో రెండో సీటులో తడి తువ్వాలు, దాని మీద ప్లాస్టిక్ పలక ప్రయాణం చేశాయి.

మర్నాడు పళ్ళ డాక్టరమ్మ గదికి పన్ను పీకించుకోవడానికి ఒక భారీ మనిషి వచ్చాడు. కుర్చీ చేతులు ఊడొచ్చేలా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆమె ఇలాంటివాళ్ళకు భయపడకండని చెప్పి, మరింత భయపెట్టేది. ఈసారి పలక చేతిలోకి తీసుకుంది.

"మీ ఇంట్లో ఎన్ని తలుపులున్నాయండీ?"

ఆయన కళ్ళు తెరిచాడు. నోరు అప్పటికే తెరిచి ఉంది. "ఆఁ?"

"వేళ్ళతో చూపించండి. ఫారంలో రాయాలి."

ఆయన కప్పువైపు చూస్తూ ఒక్కో వేలూ విప్పాడు. తొమ్మిదో వేలు లేచేసరికి పన్ను బయటికి వచ్చేసింది. మొద్దుబారిన బుగ్గ పట్టుకుని గేటు దాకా వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి, గుమ్మంలోంచి తల లోపల పెట్టాడు.

"దాక్తలుగాలూ, పెలటి తలుపు మల్చిపోయాను. పది లాసుకోంది."

ఆమె అంతే గంభీరంగా తొమ్మిది చెరిపి పది రాసుకుంది.