మస్కట్ మేకల మీద మా అవ్వ తీర్పు

ఒక్క ఫొటో తీయడానికి ముందు నాలుగుసార్లు ఆలోచించిన కాలం మాది. రీలులో ముప్పయ్యారు ఫొటోలు, అదృష్టం బాగుంటే ముప్పయ్యేడు. తీసింది బాగా వచ్చిందో లేదో రీలు పూర్తయి, కడిగించేదాకా దేవుడికి కూడా తెలియదు. ఇప్పుడు మా అమ్మాయి ఒక్క దోసెకు పదకొండు ఫొటోలు తీసి, పదింటిని చెరిపేసి, చల్లారిన దోసె తింటుంది. ఆమెను చూసినప్పుడల్లా తొంభైల నడుమ ఒక శుక్రవారం మస్కట్ కొండల్లో నేను తీసుకున్న ఒకే ఒక్క ఫొటో గుర్తుకొస్తుంది. దాని పుణ్యమా అని ఉదయగిరి పక్కనున్న మా ఊళ్ళో మా అవ్వ నెలల తరబడి సరిగా అన్నం తినలేదు. మా నాయన మందను అమ్మకానికి పెట్టాడు. నేను చదివిన డిప్లొమా ఉండీ లేనట్టే అయింది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఆత్మకూరులో ఒక షాపులో రెండేళ్ళు మోటార్లకు వైండింగ్ చేసి, మస్కట్‌లో ఒక ఫ్యాక్టరీకి ప్యానెల్ బోర్డులు చూసే టెక్నీషియన్‌గా వెళ్ళాను. ఆత్మకూరులో ఉన్నప్పుడే పక్కనున్న స్టూడియో అన్న దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకుని, ఆయన పాత కెమెరానే కొనుక్కున్నాను. నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది, అన్నిటికీ జాబితా రాయడం. పెట్టెలో ఏముందో పెట్టె మూతకు అంటించాను. మస్కట్ గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ఎవరు ఏ రోజు గది ఊడవాలో, నీళ్ళ క్యాను ఎవరు మోయాలో గళ్ళు గీసి గోడకు తగిలించాను. (దాన్ని ఎవరూ పాటించలేదు. కానీ అందరూ దాని మీదే తువ్వాళ్ళు ఆరేసుకున్నారు కాబట్టి వృథా పోలేదు.) మాకు వండిపెట్టే మలయాళీ పెద్దాయనను అందరం ఇక్కా అనేవాళ్ళం. నేను వచ్చిన రెండో రోజునే సాంబారులో ఏది ఎంత వేయాలో ఆయనకు రాసిచ్చాను. ఆయన ఆ కాగితం మడిచి, కాలు సరిగా ఆనని బల్ల కింద పెట్టుకున్నాడు.

వారానికి ఆరు రోజులు పని, శుక్రవారం సెలవు. మిగతావాళ్ళు బట్టలుతుక్కుని, తలకు నూనె పెట్టుకుని పడుకునేవాళ్ళు. నేను మాత్రం కంపెనీ వ్యాను ఎటు వెళ్తే అటు కెమెరాతో ఎక్కేవాణ్ణి. ఆ దేశం కొండలకు చెట్టూ చేమా ఉండవు, ఎండకు మాడిన రాళ్ళే. మా ఉదయగిరి కొండను సానబట్టి వరసగా పేర్చినట్టు ఉంటాయి. ఫొటోగ్రఫీ పుస్తకంలో చదివిన నియమాలన్నీ పాటిస్తూ కొండలు, ఇసుక, ఖర్జూరపు చెట్లు, నీలం తలుపులు, సముద్రం, మళ్ళీ సముద్రం, ఇలా ముప్పయ్యైదు తీశాను. ఒక్కదానిలోనూ మనిషి లేడు. మనిషి ఉంటే దృశ్యం చెడిపోతుందని నా నమ్మకం. ముప్పయ్యారోది మిగిలినప్పుడు ఒక లోయలో మేకల మంద ఎదురైంది. వెలుతురు బంగారంలా పడుతోంది. కెమెరాను ఒక బండ మీద పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, పరుగెత్తుకుంటూ పోయి మేకల మధ్య నిలబడ్డాను. ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. ఒక కాలు విరిగి పనికిరాకుండా పోయిన మూడుకాళ్ళ స్టాండును మడిచి భుజాన పెట్టుకున్నాను. మోకాళ్ళ దాకా మేకలే.

రీలు కడిగించి, ముప్పయ్యారు ఫొటోలకూ వెనక వరస నంబర్లు వేసి ఇంటికి పంపాను. ఇంట్లో ఉత్తరాలు చదివేదీ రాసేదీ మా మామే, బడిపంతులు. నెలకు ఆయన జవాబు వచ్చింది. అందులో కొండల గురించి ఒక్క మాట లేదు. వెలుతురు గురించి అసలే లేదు. మా అవ్వ ముప్పయ్యైదు ఫొటోలనూ "ఇయ్యన్నీ ఒట్టి ఫొటోలు, మనుషులు లేరు" అని పక్కన పెట్టేసిందట. ముప్పయ్యారోదాన్ని పట్టుకుని వాకిట్లో కూర్చుండిపోయిందట. మాది మూడు తరాలుగా గొర్రెలు, మేకలు పెంచే కుటుంబం. మేకల్ని చూడటానికి వచ్చినవాడు ఎలా నిలబడతాడో, మేకల్ని కాసేవాడు ఎలా నిలబడతాడో మా అవ్వకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలగుడ్డ ఉంది, భుజాన కర్ర ఉంది, చుట్టూ మంద ఉంది. మేకలు కూడా నన్ను చూసి బెదరలేదు. ఆ చివరి సాక్ష్యమే నన్ను ముంచింది.

నేను అక్కడ మేకలు కాస్తున్నానని అవ్వ అనుకోవడానికి కారణం ఉంది. కలిగిరి పక్క నుంచి ఒకాయన డ్రైవరు పని అని గల్ఫ్‌కు వెళ్ళి, రెండేళ్ళు ఎడారిలో ఒంటెల్ని మేపి వచ్చాడు. ఆ రెండేళ్ళూ ఇంటికి 'కారు తోలుతున్నాను, క్షేమం' అనే రాశాడు. కాబట్టి ఉత్తరంలో నేనేం రాసినా చెల్లదు. ఫోను చేద్దామని ఉదయగిరి బస్టాండు దగ్గరున్న ఎస్టీడీ బూతుకు ఫలానా రోజు ఫలానా టైముకు రమ్మని కబురు పెట్టాను. అవ్వకు చెప్పవలసిన ఏడు కారణాలు కాగితం మీద రాసుకుని డయల్ చేశాను. మొదటి కారణం సగంలో ఉండగానే అవ్వ అడ్డం వచ్చింది.

"నువ్వు బాగానే చెప్తా ఉండావు నాయనా. ఆ కలిగిరోడు కూడా ఇట్టానే చెప్పినాడు."

మిగతా ఆరు కారణాలు నా జేబులోనే ఉండిపోయాయి.

అప్పుడు పట్టుదల వచ్చింది. నమ్మించాలి, అదీ ఫొటోలతోనే నమ్మించాలి. ఫ్యాక్టరీ లోపలికి కెమెరా తీసుకెళ్ళకూడదు. కాబట్టి గదిలో మంచం మీద కూర్చుని, కరెంటు కొలిచే మీటరును చేతిలో పట్టుకుని ఒక ఫొటో దిగాను. అది రేడియో అనీ, మేకల కాడ పొద్దుపోక కొనుక్కుని ఉంటాననీ అవ్వ తీర్పు ఇచ్చినట్టు మామ రాశాడు. స్టూడియోలో కోటు వేసుకుని దిగాను. ఆ కోటు భుజాలు జారిపోతున్నాయి, ఎవరిదో అడుక్కుని వేసుకున్నాడంది. (నిజమే, స్టూడియో వాళ్ళది.) తెల్ల కారుకు ఆనుకుని దిగాను. గల్ఫ్ పోయిన ప్రతివాడూ ఎవరి కారుకో ఒకదానికి ఆనుకుంటాడని మామే తన వంతుగా తీర్పు ఇచ్చాడు. కంపెనీ గేటు ముందు దిగబోతే కాపలావాడు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఫొటోలో అరచెయ్యి, దాని వెనక బిక్కమొహంతో నేను వచ్చాం. దాన్ని పంపకుండా ఉండవలసింది. నన్ను ఎవరో కొట్టబోతున్నారని ఇంట్లో ఏడ్చారట.

తరువాతిసారి బూతుకు నాయన ఒక్కడే వచ్చాడు. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ముందే అనుకుని వచ్చినట్టున్నాడు.

"దాచొద్దు అబ్బయా. నాకేం సిగ్గు లేదు, నేనూ జీవాలు మేపినోణ్ణే. నిన్ను చదివించింది దానికి గాదు, అంతే. వింజమూరు బేరగాడు సోమారం వస్తా ఉండాడు. మందను ఇచ్చేసి నీకు టికెట్టు పంపిస్తా."

నేను ఎంత చెప్పినా, "సరేలే, సరేలే" అంటూనే ఫోను పెట్టేశాడు. ఆ మంద మా ఇంటి బతుకు. నా సరదా ఫొటో ఒకటి దాన్ని బేరగాడి ముందుకు తోలింది. నేను నిజంగా మేకలు కాసి ఉంటే కూడా ఇంత నష్టం జరిగేది కాదు.

అది మంగళవారం. మా క్యాంపులో ఆత్మకూరు మనిషి ఒకాయన గురువారం సెలవు మీద ఊరికి బయలుదేరుతున్నాడు. పోస్టులో పంపితే రెండు వారాలు. ఆయన చేతికిస్తే ఆదివారానికల్లా మా ఇంట్లో ఉంటుంది. కెమెరాలో ఉన్న రీలులో ఆరు మిగిలాయి. బుధవారం పొద్దున్నే అయిదింటికి జాబితా రాశాను: కంపెనీ కార్డు ముఖం పక్కన పెట్టుకుని ఒకటి, గోడ మీద వైరింగ్ పటం ముందు ఒకటి, హెల్మెట్‌తో ఒకటి, కంపెనీ ఇచ్చిన ఉత్తరం చదువుతూ ఒకటి, ఊరికే నవ్వుతూ ఒకటి. ఆరోది ముందుజాగ్రత్త కోసం. అన్నీ నడుము పైకే, ఎందుకంటే ముఖం స్పష్టంగా ఉండాలి. అందుకే పైన ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా, హెల్మెట్ పెట్టుకుని, కింద లుంగీ ఎగ్గట్టి, ఒట్టి కాళ్ళతో వంటగది మెట్టు మీద నిలబడ్డాను. ఆ రోజుకు నేను సెలవు పెట్టాను, గదిలో మిగతావాళ్ళు పనికి వెళ్ళిపోయారు. కెమెరా ఇక్కా చేతికిచ్చాను.

ఆయన జన్మలో కెమెరా పట్టుకోలేదు. అయిదు ఫొటోలు ఎలాగో అయ్యాయి. ఆరోదానికి ముందు, తల కోసేయకూడదని, తలపైన కొంచెం ఖాళీ వదలాలని, ఎంత ఖాళీయో వేళ్ళతో చూపిస్తూ నేను చెబుతూనే ఉన్నాను. ఆయన పొయ్యి మీద చేపల కూర ఉంది. మధ్యలోనే వెనక్కి జరిగి టక్కుమని నొక్కేశాడు.

సాయంత్రానికి ప్రింట్లు వచ్చాయి. అయిదూ చక్కగా ఉన్నాయి. ఆరోదానిలో నాకు తల లేదు. చొక్కా, లుంగీ, పిక్కలు, పక్కకు తిరిగి మడమలతో సహా కనబడే పాదాలు, పాదాల ముందు సగం ఉల్లిపాయ. దాన్ని చెత్తలో వేయబోతే ఇక్కా నొచ్చుకున్నాడు. తను తీసిన వాటిల్లో వంటగది బాగా కనబడేది అదొక్కటేనట. సరే, నీ దగ్గరే ఉంచుకోమని ఇచ్చేశాను. మంచి ఫొటోలు అయిదూ కవర్లో పెట్టి బల్ల మీద ఉంచి స్నానానికి వెళ్ళాను. వచ్చాక కవరు అంటించి ఆత్మకూరాయన చేతికిచ్చాను. ఆ మధ్యలో ఇక్కా తన ఫొటోను కూడా అందులోకి జారవిడిచాడని నాకు తెలియదు. పెద్దావిడ మన వంటగది కూడా చూడాలి కదా అనుకున్నాడట, పాపం.

తరువాత మూడు వారాలు నేను వైర్లు బిగించానో, వదులు చేశానో గుర్తు లేదు. రెండుసార్లు ఫోను కలిపితే బూతువాడు ఇంకా ఎవరూ రాలేదన్నాడు. ఆఖరుకు మామ ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ ఎయిర్‌మెయిల్ కాగితంలో సగం కూడా నింపని మనిషి నాలుగు పేజీలు రాశాడు.

ఆత్మకూరాయన ఆదివారం రాలేదు. బస్సు తప్పి సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికే బేరం సాగుతోంది. మా వైపు జీవాల బేరం నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని ధర ఒప్పుకుంటారు. నాయన చెయ్యీ, బేరగాడి చెయ్యీ అప్పుడు తువ్వాలు కిందే ఉన్నాయట. మామ కవరు చించి ఒక్కొక్క ఫొటో అవ్వకు అందించాడు. కార్డు పట్టుకున్నది పక్కన పెట్టింది. పటం ముందుది పెట్టింది. హెల్మెట్, ఉత్తరం, నవ్వు, అన్నీ పెట్టేసింది. ఆరోది చేతిలోకి తీసుకుని లేచి, గడప దాటి వెలుతురులోకి పోయి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ రెండో వేలు మా ఆయనది. బొటనవేలు కన్నా పొడుగు. మా వాడే," అన్నదట ముందు. ఇంకాసేపు చూసి నాయన వైపు తిరిగింది.

"చెయ్యి తియ్యిరా. జీవాలు కాసేవోడి మడమ పగుల్లో రూపాయి బిళ్ళ నిలబడతాది. ఈడి మడమలు చూడు, ఎన్నపూస మాదిరి ఉండాయి. ఈడు ఏం పని చేస్తా ఉండాడో నాకు తెలవదు గానీ, నడిచే పని మాత్రం గాదు."

నాయన తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసేశాడు. బేరగాడు ఎంతసేపు గొణిగినా మళ్ళీ పెట్టలేదు. సాయంత్రం అవ్వ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది. ఉత్తరం చివర మామ ఇంకో వాక్యం చేర్చాడు: ఇప్పుడు అవ్వ దిగులల్లా మనవడు అక్కడ ఏ పనీ చేయకుండా కూర్చుని తింటున్నాడేమోనని, కాబట్టి ఇకపై కష్టపడుతున్నట్టు ఉండే ఫొటోలు పంపవలసిందని.

రెండేళ్ళకు సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ నా ముఖం చూడలేదు. గడప మీద కూర్చోబెట్టి, చెంబెడు నీళ్ళు పోసి, ముందు పాదాలు తిప్పి చూసింది. తరువాత గట్టిగా ఒక్కసారి నొక్కి, లోపలికి రమ్మంది. నేను సూట్‌కేసులోంచి కొండల ఫొటోలు తీసి అవి ఎంత కష్టపడి తీశానో వివరించబోయాను. ఆమె పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఈ మధ్య షుగరు ఉందని డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. పొద్దున్నే ఎంత దూరం, ఎన్ని నిమిషాలు అని గళ్ళు గీసి రాసుకుంటూ నడుస్తున్నాను. నిన్న స్నానానికి కూర్చుని చూసుకుంటే రెండు మడమలూ బాగా పగిలి ఉన్నాయి. విప్పిన చొక్కా జేబులో రూపాయి బిళ్ళ ఉంటే తీసి పెట్టి చూశాను. నిలబడింది. అవ్వ ఉంటే ఈసారి ఎవరు ఎన్ని చెప్పినా వినేది కాదు, వీడు మేకలే కాస్తున్నాడని ఖాయం చేసేది.